పశువైద్యంలో జంట పట్టాలు: ఎవరికి, ఎందుకు?

1999 వేసవి చివర్లో న్యూయార్క్ నగరంలో కాకులు పెద్ద సంఖ్యలో చచ్చి పడ్డాయి. ఆ రోజుల్లోనే క్వీన్స్ ప్రాంతంలో కొందరు వృద్ధులు మెదడువాపుతో ఆసుపత్రుల పాలయ్యారు. దోమల ద్వారా సోకే సెయింట్ లూయిస్ ఎన్‌సెఫలైటిస్ అని అధికారులు ప్రకటించారు. బ్రాంక్స్ జూలో పాథాలజిస్టుగా పనిచేస్తున్న పశువైద్యురాలు ట్రేసీ మెక్‌నమారాకు ఆ మాట సరిపడలేదు. సెయింట్ లూయిస్ వైరస్ మామూలుగా పక్షుల ప్రాణం తీయదు. ఆమె జూలో ఫ్లెమింగోలు చనిపోతున్నాయి. పోనీ గుర్రాలకు వచ్చే మెదడువాపు అనుకుందామంటే, ఆ వైరస్‌కు ఇట్టే బలయ్యే ఈమూ పక్షులు నిక్షేపంగా తిరుగుతున్నాయి. రెండూ కానప్పుడు ఇది కొత్తదేదో అయి ఉండాలని ఆమె పట్టుబట్టి నమూనాలు పరీక్ష చేయించారు. అమెరికా ఖండాల్లో అంతకుముందెన్నడూ కనిపించని వెస్ట్ నైల్ వైరస్ అని చివరికి తేలింది.

ఏ జంతువుకు ఏ జబ్బు ఎలా వస్తుందో తెలిసిన కన్ను, అందరూ ఒప్పుకున్న జవాబును తిరిగి ప్రశ్నించే పరిశోధక బుద్ధి ఆ రోజు ఒకే మనిషిలో ఉండటం వల్ల మేలు జరిగింది. అలాంటి మనుషులను పనిగట్టుకుని తయారు చేయడానికే అమెరికాలోని కొన్ని పశువైద్య కళాశాలలు జంట పట్టాల కోర్సులు నడుపుతున్నాయి. డీవీఎం, అంటే పశువైద్య పట్టా, ఒక్కటే అయితే నాలుగేళ్లు. దానికి పీహెచ్‌డీ కలిస్తే ఏడెనిమిదేళ్లు పడుతుంది. చాలాచోట్ల విద్యార్థి మొదటి రెండేళ్లు వైద్యం చదివి, మధ్యలో మూడు నాలుగేళ్లు ప్రయోగశాలలో గడిపి, సిద్ధాంత వ్యాసం ముగించాక మళ్లీ ఆసుపత్రి వార్డులకు వస్తాడు. తనతో చేరిన వాళ్లు అప్పటికే డాక్టర్లయి వెళ్లిపోయి ఉంటారు. చేతి నైపుణ్యం మొద్దుబారి ఉంటుంది. ఈ కష్టాన్ని కళాశాలల కరపత్రాలు పెద్దగా చెప్పవు గానీ, చేరబోయే వాళ్లు ముందే తెలుసుకోవలసింది ఇదే.

జంట పట్టాల వెనకున్న ఆలోచన కొత్తదేమీ కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో పనిచేసిన కాల్విన్ ష్వాబె 1964లోనే పశువైద్యానికీ మానవ ఆరోగ్యానికీ ఉన్న ముడిని వివరిస్తూ పుస్తకం రాశాడు. మనుషుల వైద్యం, పశువుల వైద్యం వేరువేరు శాస్త్రాలు కావన్నది ఆయన వాదన. 1996లో వైద్యశాస్త్ర నోబెల్ పంచుకున్న ఆస్ట్రేలియా శాస్త్రవేత్త పీటర్ డోహర్టీ తొలి చదువు పశువైద్యమే. క్వీన్స్‌లాండ్‌లో ఆ పట్టా పుచ్చుకుని, తర్వాత ఎడిన్‌బరోలో పీహెచ్‌డీ చేశాడు. ఆయన విడివిడిగా చదివిన రెంటినీ ఒకే బాటలోకి తెచ్చి, దారి ఖర్చు కూడా భరించడం ఈ కోర్సుల ప్రత్యేకత.

సీట్లు మాత్రం చాలా తక్కువ. డీవీఎం దరఖాస్తులన్నీ దాదాపుగా వీఎంకాస్ అనే ఉమ్మడి విధానం ద్వారా వెళ్తాయి. మామూలుగా సెప్టెంబర్ మధ్యకు గడువు ముగుస్తుంది. జంట పట్టా కోరేవారు దానితోపాటు పరిశోధన విభాగానికి మరో వ్యాసం, మరికొన్ని సిఫారసు లేఖలు పంపాలి. కొన్నిచోట్ల గ్రాడ్యుయేట్ స్కూలుకు విడిగా దరఖాస్తు చేయాలి. రెండు వైపుల ప్రవేశ కమిటీలూ వేటికవి ఒప్పుకుంటేనే సీటు. కొన్ని కళాశాలలు డీవీఎంలో చేరాక కూడా అడగనిస్తాయి.

తెలివైన పిల్లలు ఎక్కువగా బోర్లాపడేది ఈ రెండో వ్యాసంలోనే. చిన్నప్పటి నుంచి జంతువులంటే ప్రేమ, ఇంట్లో కుక్కపిల్ల చనిపోయిన బాధ, క్లినిక్‌లో గడిపిన గంటల లెక్క: ఇవన్నీ డీవీఎం కమిటీకి పనికొస్తాయేమో గానీ పరిశోధన కమిటీని కదిలించవు. ఆ కమిటీ చూసేది వేరు. ఏ ప్రశ్న పట్టుకున్నావు, ప్రయోగం తప్పినప్పుడు ఏం చేశావు, ఫలితం నీ ఊహకు ఎదురు తిరిగితే దాన్నుంచి ఏం గ్రహించావు? ల్యాబ్‌లో ఎన్ని నెలలున్నావన్నది ఆ తర్వాతి సంగతి. సిఫారసు లేఖలకూ ఇదే కొలత. పేరున్న ప్రొఫెసర్ రాసిన పొడి ప్రశంస కన్నా, పక్కన నిలబడి పని చూసిన గైడు రాసిన రెండు పేజీలకు విలువ ఎక్కువ. అసలు నువ్వు పట్టుకున్న ప్రశ్నకు డీవీఎం ఎందుకు, పీహెచ్‌డీ ఒక్కటి చాలదా అని ఇంటర్వ్యూలో అడుగుతారు. అక్కడ తడబడితే సీటు మీద ఆశ వదులుకోవలసిందే.

ఇక డబ్బు. అమెరికాలో అప్పు చేసి పశువైద్యం చదివిన వాళ్లకు పట్టా చేతికొచ్చేసరికి ఆ అప్పు ఒకటిన్నర లక్షల డాలర్లు దాటడం సాధారణం. 2025లో అమెరికా ప్రభుత్వం తెచ్చిన చట్టం ప్రకారం 2026 జూలై నుంచి కొత్త విద్యార్థులకు గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ రుణాలు ఉండవు. వృత్తి విద్యకు ఇచ్చే ఫెడరల్ రుణం ఏడాదికి 50 వేల డాలర్లు, మొత్తం మీద 2 లక్షల డాలర్లకు మించదు. మరోపక్క పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వంటి చోట్ల జంట పట్టా విద్యార్థికి ఫీజు కట్టే పని లేదు, పైగా స్టైపెండ్ ఇస్తారు. దీంతో అప్పు భయంతో ఈ కోర్సుల వైపు చూసేవాళ్లు పెరుగుతారు. ఆ భయం న్యాయమైనదే. కానీ ఫీజు తప్పించుకోవడానికి పీహెచ్‌డీలో చేరడం తప్పుడు లెక్క. అదనంగా పట్టే మూడు నాలుగేళ్లలో డాక్టరుగా సంపాదించగలిగింది పోతుంది. పరిశోధన మీద మనసు లేనివాడు ఆ ఏళ్లు గడపడం నరకం. క్లినిక్ పెట్టుకోవడానికి కావలసింది నావ్లే అనే లైసెన్సు పరీక్ష. పీహెచ్‌డీ అందుకు అక్కరకు రాదు.

డీవీఎంతో పాటు ప్రజారోగ్యంలో మాస్టర్స్, అంటే ఎంపీహెచ్, చేసే దారి ఇంకొకటి. వ్యవధి తక్కువ, ప్రవేశం కొంత సులువు. ఖర్చు మాత్రం ఎక్కువగా విద్యార్థిదే. ప్రభుత్వ ఆరోగ్య విభాగాల్లో పనిచేయాలనుకునే వారికి అదే మేలు.

తెలుగు కుటుంబాలకు ఇందులో రెండు వేరు పరిస్థితులున్నాయి. అమెరికాలో పుట్టి పెరిగిన మన పిల్లలకు అన్ని దారులూ తెరిచే ఉన్నాయి. వీసా మీద చదివే వారికి అలా కాదు: అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థ ఇచ్చే శిక్షణ నిధులు పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికే. తిరుపతిలోనో రాజేంద్రనగర్‌లోనో బీవీఎస్సీ పూర్తిచేసి వెళ్లేవారికి జంట పట్టా అవసరమే లేదు. పశువైద్య పట్టా చేతిలో ఉంది కాబట్టి నేరుగా స్టైపెండ్ వచ్చే పీహెచ్‌డీ వెతుక్కోవచ్చు. అక్కడ వైద్యం కూడా చేయాలనుకుంటే విదేశీ పట్టాను తూచే ఈసీఎఫ్‌వీజీ లేదా పేవ్ గట్టెక్కాలి, నావ్లే కూడా రాయాలి.

మన దగ్గర బీవీఎస్సీ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. ఆ పైన రెండేళ్ల ఎంవీఎస్సీ, తర్వాత పీహెచ్‌డీ. ప్రతి మెట్టు దగ్గరా కొత్త ప్రవేశ పరీక్ష, కొత్త ఎదురుచూపు. నిజమైన ఆసక్తి ఉన్న విద్యార్థి కూడా మధ్యలో ప్రభుత్వ ఉద్యోగం వస్తే అటే వెళ్తాడు, అతన్ని తప్పుపట్టలేం. కానీ అలాంటివాళ్ల అవసరం ఇక్కడా ఉంది. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్‌ఫ్లూ బయటపడింది. మార్చిలో పల్నాడు జిల్లాలో ఒక పసిబిడ్డ హెచ్5ఎన్1 అనే బర్డ్‌ఫ్లూ వైరస్ సోకి చనిపోయింది. కోళ్ల షెడ్డులో మొదలైన ప్రశ్నను ల్యాబ్ దాకా తీసుకెళ్లగల డాక్టర్లు మనకు ఎంత అవసరమో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? భారత పశువైద్య మండలి, వ్యవసాయ పరిశోధన మండలి కలిసి బీవీఎస్సీ మూడో ఏడు నుంచే పరిశోధన వైపు మళ్లే సమీకృత కోర్సును, పూర్తి స్టైపెండ్‌తో, కొద్ది సీట్లతోనైనా మొదలుపెట్టాలి.

దరఖాస్తు నింపబోతున్న విద్యార్థులకు ఒక మాట. ముందు ఒక వేసవి పూర్తిగా పరిశోధనశాలలో పనిచేయండి. ఆ పని మీద మనసు నిలిస్తే జంట పట్టాకు ధైర్యంగా దరఖాస్తు పెట్టండి. నిలవకపోతే డీవీఎం ఒక్కటే అడగండి. మంచి పశువైద్యుల కొరత ఎక్కడైనా ఉంది.