ఇంటితో పోవు మాట

బీబీపేటకు పొరుగుననున్న దోమకొండ కోటకు 2022లో యునెస్కో ఆసియా–పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారము లభించినది. సంతోషింపదగినదే. కాని కోట వెలుపలి మట్టియిండ్ల సంగతి యేమి?

తరిగిన గడ్డి కలిపి నానవేసిన మట్టిని కాళ్లతో త్రొక్కి, ఒక వరుస ఆరిన పిదప మరియొక వరుస పెట్టి గోడ లేపెడివారు. కుమ్మరి సారెపై గొట్టమును చేసి, నిలువున రెండుగా చీల్చి, కాల్చినదే గూనపెంకు. వడ్రంగి మొగురములు నిలిపి, దూలములెత్తి, వాసములు పరచెడివాడు. గోడ మందము వలన వేసవిలో అర్ర చల్లగా నుండెడిది. అయితే ఏటేట వానలకు ముందు పెంకులు సవరింపవలయును. కోతులు గుంపుగా దిగినచో ఆ శ్రమయు వ్యర్థమే. స్లాబు వేసికొన్నవారిని నిందింప మాకు మనసు రాదు.

మా వెత వేరు. మొగురమన్న మా తరగతిలో అందరివి తెల్లమొగములే! ఇట్టి ఇండ్లకట్టడపు మాటలను బూదరాజు రాధాకృష్ణగారు సంకలించిన వృత్తిపదకోశమును ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1968లో ప్రచురించినది. పదకోశము చదివి గోడ పెట్ట నేర్చినవాడు మాత్రము లేడు. ఉపాధ్యాయులు ఈ సెలవులలో విద్యార్థులను ముసలి వడ్రంగి వాకిటికి తోడ్కొనిపోయి, అతడు చెప్పుచుండగా వ్రాయింతురు గాక. పాతయిల్లు విప్పుచున్న చోటికి పోయిన మరియు మేలు. మొగురము దూలముతో ఎట్లు కూర్పబడినదో అచ్చట కంటికి కనబడును.