జిజాన్ ఆకాశంలో కాకిలెక్కలు చెల్లవు

సౌదీ అరేబియాకు నైరుతి మూలన, ఎర్రసముద్రం ఒడ్డున, యెమెన్ సరిహద్దును ఆనుకుని ఉంది జిజాన్. మామిడి తోటలకు, ఫైఫా కొండల కాఫీకి, ఫరసాన్ దీవులకు పేరున్న ఈ ప్రాంతంలో రోజుకు 4 లక్షల బారెళ్ళ సామర్థ్యంతో ఆరామ్‌కో రిఫైనరీ, దాని పక్కనే పారిశ్రామిక నగరం వెలిశాయి. ఇలాంటి చోట వెల్డర్, ఎలక్ట్రీషియన్ పనులతో పాటు ఇప్పుడు ఇంకో కొత్త కొలువు కనబడుతోంది. అదే డ్రోన్ పైలట్. స్థలాల సర్వే, పైపులైన్ల పరిశీలన, ఎత్తయిన చిమ్నీల ఫోటోలు ఇలా మనిషి ఎక్కడానికి భయపడే పనులన్నీ డ్రోన్ చేస్తుంది. జీతం కాస్త మెరుగు, ఒంటికి శ్రమ తక్కువ. మన కుర్రవాళ్ళు ఇటు మొగ్గు చూపడంలో ఆశ్చర్యం లేదు.

అయితే జిజాన్‌లో డ్రోన్ అన్న మాటకు మరో అర్థం కూడా ఉంది. 2021 అక్టోబరు 8న ఇక్కడి కింగ్ అబ్దుల్లా విమానాశ్రయం మీద పేలుడు పదార్థాలున్న డ్రోన్ పడి పదిమంది గాయపడ్డారు. వారిలో ముగ్గురు బంగ్లాదేశీయులు, ఒక సూడాన్ దేశస్థుడు. అదే ఏడాది డిసెంబరు 24న ఇదే ప్రాంతంలోని సమ్తాలో హౌతీల క్షిపణి దాడికి ఇద్దరు బలయ్యారు. 2022 జనవరి 17న అబుదాబిలో జరిగిన డ్రోన్, క్షిపణి దాడిలో ఇద్దరు భారతీయులు, ఒక పాకిస్తానీ చనిపోయారు. ఆ వారంలోనే యు.ఎ.ఇ. ప్రభుత్వం సరదాకు ఎగరేసే డ్రోన్లను కూడా నిషేధించింది. 2022 ఏప్రిల్ 2న యెమెన్‌లో కాల్పుల విరమణ మొదలయ్యాక సౌదీ మీద దాడులు బాగా తగ్గిన మాట నిజమే. కానీ సరిహద్దు జిల్లాల్లో ఆకాశం వైపు చూసే చూపు మాత్రం మారిపోయింది.

ఇప్పుడు ఒక్కసారి ఆలోచించండి. కింద నిలబడ్డ సైనికుడికి పైన ఎగిరేది సర్వే డ్రోనో, శత్రువు డ్రోనో ఎలా తెలుస్తుంది? ఏదైనా అనుమానం వస్తే ముందుగా అడిగే ప్రశ్న ఒక్కటే: "ఆ సమయానికి నీ డ్రోన్ ఎక్కడుంది?" దీనికి నోటిమాట జవాబు కాదు. భాష రాని దేశంలో అసలే కాదు. రాసి పెట్టుకున్న లాగ్‌బుక్కే జవాబు.

ముందే ఒక మాట స్పష్టం చేయాలి. లాగ్‌బుక్ అనుమతికి బదులు కాదు. సౌదీలో డ్రోన్ నమోదుకు, ఎగరేయడానికి గాకా అనే పౌర విమానయాన ప్రాధికార సంస్థ నియమాలున్నాయి. అవి పాటించకుండా ఎంత చక్కగా చిట్టా రాసినా అది తప్పును ఒప్పుకుంటూ రాసిన కాగితమే అవుతుంది. అనుమతి తీసుకున్నవాడికే లాగ్‌బుక్ రక్షణ.

ఇంతకీ అందులో ఏం రాయాలి? తేదీ, ఎగిరిన సమయం, దిగిన సమయం, స్థలం, డ్రోన్ నమోదు సంఖ్య, అనుమతి సంఖ్య, ఎగిరిన గరిష్ఠ ఎత్తు, పని ఏమిటి, పని చెప్పినదెవరు, పక్కన పరిశీలకుడు ఎవరు. ఏ బ్యాటరీ వాడారో దాని నంబరు కూడా ఉండాలి. చాలా చిన్న డ్రోన్లకు తయారీదారులు చెప్పే ఉష్ణోగ్రత హద్దు 40 డిగ్రీలు. జిజాన్ వేసవిలో ఆ హద్దు దాటడం వింత కాదు. ఏ బ్యాటరీ ఎన్నిసార్లు చార్జ్ అయిందో, ఏది ఉబ్బుతోందో రాసుకోకపోతే అది ఒకరోజు పనివాళ్ళ నెత్తిన పడుతుంది.

సమయం దగ్గర చాలామంది పొరబడతారు. సౌదీ సమయం అంతర్జాతీయ సమయం కన్నా మూడు గంటలు ముందు. మన దేశం సమయం దానికన్నా మరో రెండున్నర గంటలు ముందు. ఫోన్ ఒక సమయంలో, డ్రోన్ మరో సమయంలో, రాసే చెయ్యి ఇంకో సమయంలో ఉంటే నిజాయితీపరుడి చిట్టా కూడా దొంగలెక్కలా కనబడుతుంది. ఏ సమయం రాస్తున్నారో పేజీ పైన ముందే రాసి పెట్టండి.

ఇంకో చిక్కు జి.పి.ఎస్. ఎర్రసముద్రం మీద ఉపగ్రహ సంకేతాలకు అంతరాయాలు కలుగుతున్నాయన్న హెచ్చరికలు కొన్నేళ్ళుగా వస్తున్నాయి. 2025 మేలో జెద్దా సమీపంలో ఎం.ఎస్.సి. ఆంటోనియా అనే కంటైనర్ నౌక నేలకు తట్టుకోవడానికి ఇదే కారణమని నిపుణులు అనుమానించారు. అంత పెద్ద ఓడకే దారి తప్పితే చిన్న డ్రోన్ సంగతి చెప్పాలా? తెరమీద డ్రోన్ ఉన్నట్టుండి కిలోమీటరు అవతల కనబడితే, ఆ నిమిషమే రాసుకోవాలి. రేపు యంత్రం లోపలి రికార్డు మీరు నిషిద్ధ ప్రాంతంలోకి వెళ్ళారని చూపిస్తే, ఆ ఒక్క వాక్యమే మీ పక్షాన నిలబడుతుంది.

"అంతా యాప్‌లోనే ఉంటుందిగా, మళ్ళీ చేత్తో రాయడం ఎందుకు?" అని అడగవచ్చు. యాప్ ఎక్కడ ఎగిరిందో చెబుతుంది, ఎందుకు ఎగిరిందో, ఎవరు ఎగరమన్నారో చెప్పదు. పైగా చాలాచోట్ల ఆ ఖాతా కంపెనీది. ఉద్యోగం పోయిన రోజే పాస్‌వర్డ్ కూడా పోతుంది. రెండూ ఉండాలి, రెండూ సరిపోలాలి. కంపెనీ రహస్యాలు, సైటు ఫోటోలు మాత్రం సొంత పుస్తకంలోకి తెచ్చుకోకూడదు. గంటలు, నంబర్లు చాలు.

లెక్క పెంచి రాసే జబ్బు విమానాల కాలం నుంచీ ఉన్నదే. 2011లో రాజస్థాన్‌లోని ఒక ఫ్లయింగ్ స్కూల్లో ఎగరని గంటలు ఎగిరినట్టు రాశారన్న ఆరోపణల మీద అవినీతి నిరోధక శాఖ కేసు నడిపింది. డ్రోన్ల విషయంలోనూ ఉద్యోగ ప్రకటన 200 గంటలు అడిగితే 80 గంటలవాడికి చెయ్యి దురద పెడుతుంది. కానీ యంత్రం తన లెక్క తాను రాసుకుంటూనే ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూడడం ఎంతసేపు పని? ఒక్క దొంగ పేజీ దొరికితే నిజమైన పేజీలన్నీ చెల్లకుండా పోతాయి.

ఈ అలవాటు ఇంటికి తిరిగి వచ్చాకా పనికివస్తుంది. 2021 సెప్టెంబరులో వికారాబాద్‌లో డ్రోన్లతో మందుల రవాణా ప్రయోగం మొదలైంది. 2024 సెప్టెంబరు వరదల్లో విజయవాడ డాబాల మీదున్నవారికి డ్రోన్లే అన్నం పొట్లాలు చేరవేశాయి. పొలాల్లో మందు చల్లే పని ఊరూరా పెరుగుతోంది. మన దేశపు 2021 డ్రోన్ నియమాల ప్రకారం ప్రమాదం జరిగితే 48 గంటల్లో డి.జి.సి.ఎ.కు తెలపాలి. చిట్టా లేనివాడు ఏమని తెలుపుతాడు? సౌదీ అనుభవం ఉన్నంత మాత్రాన ఇక్కడి పైలట్ సర్టిఫికెట్ రాదు, శిక్షణ పొంది పరీక్ష పాసవ్వాల్సిందే. కానీ పని ఇచ్చేవాడి ముందు పెట్టడానికి మీ గంటలకు ఒక రుజువు ఉంటుంది. అన్నట్టు, అక్కడ కొన్న డ్రోన్‌ను సూట్‌కేసులో వేసుకుని రాకండి. 2022 ఫిబ్రవరి నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతి మీద నిషేధం ఉంది.

గల్ఫ్‌లోని మన సంఘాలు పాస్‌పోర్టు, ఇఖామా, జీతం రసీదుల గురించి కార్మికులకు ఏళ్ళ తరబడి చెబుతున్నాయి. ఆ జాబితాలో లాగ్‌బుక్ కూడా చేరాలి. తెలుగు, ఇంగ్లీషు, అరబిక్ మూడు భాషల్లో ఒక నమూనా పేజీ అచ్చువేసి పంచడానికి పెద్ద ఖర్చేమీ కాదు. జిజాన్ మనవాళ్ళకు ఏ కష్టం వచ్చినా జెద్దాలోని భారత కాన్సులేటే దిక్కు. అక్కడి అధికారి సాయం చేయాలన్నా చేతిలో కాగితం ఉండాలి కదా!

దిగిన వెంటనే రెండు నిమిషాలు. రాత్రి గదికి వెళ్ళి గుర్తు చేసుకుని రాసేది చిట్టా కాదు, కథ.