గోపల్లె కథను ఇంటింట చదువుడు

తమిళనాట స్థిరపడిన తెలుగువారి వలస కథ తెలుగున గాక తమిళమున నవలయైనది. కి. రాజనారాయణన్ గారి ‘గోపల్ల గ్రామం’ 1976లో వెలువడినది. కోవిల్‌పట్టి చెంత ఇడైసెవల్ గ్రామమున, తెలుగు మాటాడు రైతు కుటుంబమున జన్మించిన ఆ రచయిత 2021లో దివంగతులైరి. ఈ నవలను మన పాఠకులెల్లరును చదువవలెనని కోరుచున్నాము.

తెలుగు సీమలో ఒక మహమ్మదీయ ప్రభువు చెన్నాదేవి యను కన్యను కోరగా, ఆమె బంధువర్గము ఇల్లు వాకిలి విడిచి దక్షిణమునకు తరలినది. దారిలో ఆప్తులను పోగొట్టుకొని, మిగిలినవారు అడవిని కాల్చి, నల్లరేగడి నేలను సేద్యమునకు తెచ్చి, ఊరు కట్టిరి. ఈ వృత్తాంతమును నూరేండ్లు దాటిన మంగత్తాయారమ్మ తన సంతతివారికి చెప్పుచుండగా మనమును విందుము. ఇది తరతరముల ఐతిహ్యము; దీనిని చరిత్రగా గాని, ఒక మతముపై అభియోగముగా గాని గ్రహింపరాదు.

బిగువైన కథాసంవిధానము కోరువారికి ఇందు కొంత వెలితి తోపవచ్చును. కరిసల్ సీమ పలుకుబడిలోని తీయందనము ఆ వెలితిని మరపించును. ఆ మాండలిక పదములకు రాజనారాయణన్ గారు నిఘంటువునే కూర్చిరి. ఈ నవలకు తరువాయియైన ‘గోపల్లపురత్తు మక్కళ్’ 1991లో సాహిత్య అకాడమీ పురస్కారము నందినది.

మన కథ తమిళమున వ్రాయబడెనని చిన్నబోవ నక్కరలేదు. ఇంట తెలుగు, బడిలో తమిళము: మనలో అనేకుల స్థితి ఇదియే. 2006 నాటి చట్టము బడులలో తమిళమును తప్పనిసరి చేసిన పిదప మన పిల్లలలో పెక్కురకు ఆ లిపియే సుపరిచితము. తమ ముత్తాతల కథ ఆ లిపిలో లభించుట వారి భాగ్యమే.

అయితే మంగత్తాయారమ్మ చెప్పిన కథ నిలిచినది, వినుటకు ఇంటివారు చుట్టును కూర్చుండిరి గనుక. నేడు మన ఇండ్లలో అవ్వ తెలుగున పలుకరించిన, మనుమడు తమిళముననో ఆంగ్లముననో బదులు చెప్పుచున్నాడు. ఇట్లు ఇంకొక తరము గడచినచో, చెప్పువారున్నను తెలిసి వినువారుండరు.

కావున మా మనవి ఇది. తమిళము వచ్చిన పిల్లలు ఈ పుస్తకమును దినమునకు కొంతగా పెద్దలకు చదివి వినిపింపవలెను. పెద్దలు తమ ఇంటిపేరు, పూర్వుల ఊరు, వచ్చిన దారి తెలుగున చెప్పవలెను. విన్నదానిని పిల్లలు తమకు వచ్చిన లిపిలోనే వ్రాసి యుంచినను మేలే. మాట నిలిచియున్నచో లిపిని పిదప నేర్పుకొనవచ్చును.