మిషనరీ సన్మానంలో కనిపించని మాదిగ ప్రచారకుడు

విదేశాల్లో ఏళ్ల తరబడి సేవచేసి స్వదేశానికి తిరిగివచ్చిన మిషనరీలను సత్కరించడం అమెరికా, ఐరోపా చర్చిల్లో పాత ఆచారం. ఆదివారం ఆరాధనలో వారిని వేదిక మీదకు పిలుస్తారు. ఏ దేశంలో ఎన్నేళ్లు ఉన్నారు, ఎన్ని బడులు, ఎన్ని ఆసుపత్రులు కట్టారు, ఎంతమందిని విశ్వాసంలోకి తెచ్చారు అన్న లెక్క చదువుతారు. ఈ గౌరవాన్ని తప్పుపట్టనవసరం లేదు. కన్నబిడ్డలను పరాయి నేలలో సమాధి చేసుకుని కూడా పని వదలని మనుషులు వారిలో ఉన్నారు. కానీ ఆ లెక్కలో పనిచేసినవారు ఎవరు, కేవలం మేలు పొందినవారు ఎవరు? తెలుగు నేల మీద ఇది నేరుగా కులం ప్రశ్న. ఒంగోలు చరిత్ర చూస్తే ఆ సంగతి అర్థమవుతుంది.

నెల్లూరు కేంద్రంగా మొదలైన అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషన్ తొలి దశాబ్దాల్లో దాదాపు విఫలమైంది. దాన్ని మూసివేయాలన్న ఆలోచన ఒకటికి రెండుసార్లు వచ్చింది. అటువంటి మిషన్‌కు 1865లో జాన్ ఎవరెట్ క్లౌ వచ్చారు, 1866లో ఒంగోలుకు మారారు. 1910లో అమెరికాలోని రోచెస్టర్‌లో ఆయన మరణించేనాటికి అది ప్రపంచమంతా చెప్పుకునే మిషన్. ఒంగోలులో ఆసుపత్రికి ఆయన పేరు పెట్టుకున్నారు. ఇది సన్మాన సభల్లో వినిపించే కథ.

అదే కథను మాదిగపల్లె నుంచి మొదలుపెడితే వేరే మనిషి ఎదురవుతారు. యెర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగిన మాదిగ. గురువుల వద్ద రాజయోగం అభ్యసించిన సాధకుడు. వ్యాపారం కోసం ఉత్తరాదికి వెళ్లినప్పుడు క్రైస్తవ బోధ విన్నారు, తిరిగివచ్చి తన వారికి తానే చెప్పసాగారు. క్లౌ ఒంగోలులో స్థిరపడక ముందే, 1866లోనే, పేరయ్య దంపతులు బాప్తిస్మం పొందారు. ఆ పిమ్మట ఒంగోలుకు పశ్చిమాన ఉన్న తలకొండపాడుకు క్లౌను రప్పించుకున్నది పేరయ్యే. అప్పటికే అక్కడ ఆయన బోధ విని సిద్ధంగా ఉన్న మనుషులున్నారు. అంటే మిషనరీ మాదిగలను వెతుక్కుంటూ వెళ్లలేదు. మాదిగలే మిషనరీని వెతికి పట్టుకున్నారు.

ఒంగోలు అగ్రకులాలకు ఇది మింగుడుపడలేదు. మాదిగలను చేర్చుకుంటే తాము రాబోమన్నారు. క్లౌ దంపతులు వేర్వేరు గదుల్లో కూర్చుని బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీ పత్రికలోని ఒకే భాగం కనిపించిందనీ, లోకం నీచంగా చూసేవారినే దేవుడు ఎన్నుకుంటాడన్న ఆ మాటతో నిర్ణయం తీసుకున్నారనీ ఒక కథ ప్రసిద్ధం. కథ అందమైనదే. అయితే తలుపు తట్టే మాదిగ లేకపోతే ఎవరిని చేర్చుకోవాలన్న సంకటమే క్లౌకు ఎదురయ్యేది కాదు కదా!

చేరినవారికి పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పనిచేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. పైకి మతాచారాలుగా కనిపించే ఈ మూడూ గ్రామ వ్యవస్థ మీద ఎక్కుపెట్టిన బాణాలు. ఆదివారం పనికి పోకపోవడమంటే వెట్టిని ధిక్కరించడం. విగ్రహారాధన మానడమంటే జాతరలో డప్పు కొట్టననడం. దీనికి ప్రతిగా కరణాలు, భూస్వాములు పెట్టిన బాధలు భరించింది మిషన్ బంగళా కాదు, మాదిగపల్లె. ఈ మూల్యం ఏ సన్మాన పత్రంలోనూ లెక్కకు రాదు.

1876-78 నాటి మహాకరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకున్నారు. మాదిగ ప్రచారకులే అక్కడ మేస్త్రీలు. కూలితో ప్రాణాలు నిలుపుకున్న వేలమంది చేరతామని అడిగినా, అన్నం కోసం చేరారన్న మాట రాకూడదని కరువు సాయం ముగిసేదాకా ఆయన బాప్తిస్మాలు ఆపివేశారు. ఆ తరువాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్య క్లౌ పేరుతో ముడిపడి సముద్రాలు దాటింది. కానీ ఆ రోజు నీటిలో నిలబడి, ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకుంటూ బాప్తిస్మం ఇచ్చినవారు ఆరుగురు తెలుగు ప్రచారకులు. క్లౌ స్వయంగా ఒక్కరికీ ఇవ్వలేదు.

ఈ మరుగుకు క్లౌను వ్యక్తిగతంగా దోషిగా నిలబెట్టడం అన్యాయం. ఆయన స్వీయకథనంలో పేరయ్యకు పెద్ద చోటే ఉంది. ఆయన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ మాదిగల నోట విన్న జీవితకథలను 1899లోనే పుస్తకంగా తెచ్చారు. దోషం సన్మానమనే ప్రక్రియ స్వరూపంలో ఉంది. సెలవు మీద వెళ్లిన మిషనరీ ఊరూరా చర్చిల్లో మాట్లాడాలి, నిధులు కూడగట్టాలి. రామాయపట్నం సెమినరీకి డబ్బు అలాగే సమకూరింది. దాతకు ఎదురుగా ఒక ముఖం కావాలి. ఆ ముఖం తమలాంటిదైతే డబ్బు త్వరగా రాలుతుంది. అలా పేరయ్యలు 'దేశీయ సహాయకులు' అయ్యారు.

మతమార్పిడి వ్యతిరేకులు చెప్పే కథ దీనికి పూర్తి విరుద్ధమని మనం భ్రమపడతాం. తెల్లదొర కరువులో గంజి చూపి అమాయకులను లాగాడన్నది వారి వాదం. సన్మాన సభ మిషనరీకి దండ వేస్తుంది, ఈ వాదం రాయి వేస్తుంది. రెండింటిలోనూ మాదిగకు బుద్ధి లేదు, నిర్ణయం లేదు.

చట్టం కూడా ఈ చూపుకు అతీతం కాదు. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడో పేరా మొదట హిందువులకే ఆ హోదా ఇచ్చింది. 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ విస్తరించింది. క్రైస్తవులు బయటే మిగిలారు. వారిని చేర్చాలని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ సిఫారసు చేసింది, 2023లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానించింది. ఇదే విషయం మీద 2022లో ఏర్పడిన బాలకృష్ణన్ కమిషన్ గడువులు పొడిగించుకుంటూ వచ్చింది. క్రైస్తవం స్వీకరించిన వ్యక్తి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద రక్షణ కోరలేడని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పింది. మతం మారిన ఎస్సీలకు మన రాష్ట్రాల్లో మిగిలింది బీసీ-సి కింద ఒక్క శాతం. కులం పోయిందని ఉత్తర్వు అంటుంది. పల్లెలో శ్మశానం మాత్రం అక్కడే ఉంది.

చర్చి తన వంతు జవాబు చెప్పకుండా తప్పించుకోలేదు. ఎన్నో సంఘాల్లో మాల, మాదిగలు నేటికీ విడివిడిగా కూర్చుంటారు. అగ్రకులాల నుంచి వచ్చినవారు కులం పేరును బాప్తిస్మం తరువాత కూడా తగిలించుకుంటారు. ఒక తెలుగు దళితుడు, పూల ఆంథోనీ, కార్డినల్ కావడానికి 2022 దాకా ఆగవలసి వచ్చింది.

క్లౌ మరణించిన 1910లోనే ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. దోర్నకల్‌లో పనిచేస్తున్న వి.ఎస్. అజరయ్య అక్కడ లేచి, మిషనరీల త్యాగానికి కృతజ్ఞత చెబుతూనే, తమకు కావలసింది స్నేహం అన్నారు. ఆ సభలో చాలామందికి అది రుచించలేదు.

ఇప్పుడు తెలుగు ఫాదర్లు, సిస్టర్లు అమెరికాకూ, ఐరోపాకూ సేవకు వెళ్లి వస్తున్నారు. వారికీ ఊళ్లలో దండలు పడుతున్నాయి. పాత మిషనరీల మనుమలు, మునిమనుమలు ఉత్సవాలకు వస్తే మేళతాళాలతో ఊరేగిస్తున్నాం. మంచిదే. ఒంగోలులో ఈసారి అటువంటి సభ జరిగినప్పుడు ఎదురుగా జనంలో కూర్చునే పేరయ్య వంశీకులనూ, గుండ్లకమ్మలో దిగిన ఆ ఆరుగురి వంశీకులనూ వెతికి వేదిక మీదకు పిలవాలి. వారికి కుర్చీ వేసిన తరువాత ఇంకో పని కూడా ఉంది: వారి చేతిలో ఏ కుల ధ్రువపత్రం ఉందో, దాని కోసం వారు ఏ మతం రాయించవలసి వచ్చిందో ఆ మైకులోనే అడగాలి.