గాలం కొనేముందు ముడి నేర్వాలి

పెద్ద చేప పడి తప్పించుకుందని చెప్పేవాళ్లలో చాలామంది చేతిలో మిగిలిన దారం కొసను చూడరు. జరిగిందేమిటో ఆ కొసే చెబుతుంది. దారం శక్తి చాలక తెగితే కొస మొండిగా ఉంటుంది. ముడి జారిపోతే మెలికలు తిరిగి ఉంటుంది. మెలికల కొస కనిపించిందంటే లోపం దారంలో లేదు, ముడిలో ఉంది.

విశాఖ తీరంలోని రాళ్ల మీద, హైదరాబాద్ చుట్టుపక్కల చెరువు గట్ల మీద సరదాగా గాలం వేసే కుర్రకారు ఇప్పుడు బాగా కనిపిస్తున్నారు. రబ్బరు కప్పను ఎరగా విసిరి కొర్రమీను కోసం గంటల తరబడి ఓపిక పట్టేవాళ్లున్నారు. ఈ సరదా మంచిదే. అయితే కర్రకూ రీలుకూ వేల రూపాయలు పెట్టినవాళ్లు, గాలాన్నీ దారాన్నీ కలిపే ముడి కోసం అరగంట కూడా కేటాయించడం లేదు. రీలు ఎంత ఖరీదైనదైనా లాగుడంతా చివరికి చేరేది ఆ ముడి దగ్గరికే. కొత్తగా నేర్చుకునేవాళ్ల మొదటి పెట్టుబడి ముడి మీద పెట్టే సమయమే కావాలి.

ఇంట్లో నేర్చిన ముళ్లు ఇక్కడ పనికిరావు. మూటకు వేసే పీటముడి నూలు తాడు మీద బాగా బిగుస్తుంది, ఎందుకంటే నూలు పోగులు గరుకుగా ఉండి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. 1935లో అమెరికాలోని డ్యూపాంట్ ప్రయోగశాలలో వాలెస్ కరోథర్స్ బృందం తయారుచేసిన నైలాన్ తర్వాత చేపల వేటలోకీ వచ్చింది. ఒంటిపోగు నైలాన్ దారం గాజులా నున్నన. పీటముడి దాని మీద నిలవదు. ఈమధ్య వాడకం పెరిగిన అల్లిక దారం, అంటే పాలిథిలీన్ పోగులను జడలా అల్లి చేసే బ్రెయిడ్, ఇంకా నున్నన. నైలాన్ మీద చక్కగా నిలిచిన ముడి కూడా దాని మీద జారిపోవచ్చు.

మరి ఏ ముడైనా ఎందుకు నిలుస్తుంది? చుట్ల వల్ల. స్తంభానికి చుట్టిన తాడు ఎంత బరువు ఆపుతుందో 18వ శతాబ్దంలోనే గణితవేత్త లియోనార్డ్ ఆయిలర్ లెక్క కట్టాడు. ఘర్షణ గుణకం 0.25 అనుకుంటే, ఒక్క పూర్తి చుట్టుతో అవతలి కొసకు చేరే లాగుడు దాదాపు అయిదో వంతుకు పడిపోతుంది. రెండు చుట్లయితే 23వ వంతుకు. అదే గుణకం 0.1 ఉన్న నున్నని దారమైతే ఒక చుట్టు తర్వాత కూడా సగానికి పైగా లాగుడు మిగులుతుంది. దారం తనమీద తానే చుట్టుకునే ముడికి ఈ లెక్క అచ్చంగా అతకకపోయినా సూత్రం అదే. బ్రెయిడ్‌కు చుట్లు పెంచమని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే.

చుట్ల సంఖ్యే కాదు, అవి ఏ వైపు తిరుగుతున్నాయన్నదీ ముఖ్యమే. 2020 జనవరిలో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒత్తిడికి రంగు మారే పోగులతో ముళ్లు వేసి, ఎక్కడ ఎంత బిగువు పడుతోందో కళ్లకు కనిపించేలా చేశారు. చూడ్డానికి ఒకేలా ఉండే రెండు ముళ్లలో ఒకటి నిలవడానికీ, మరొకటి జారడానికీ పోగుల మెలిక దిశ ఒక కారణమని తేల్చారు. ఒక మెలిక తిరగబడినా ముడి స్వభావమే మారిపోతుంది. కాబట్టి 'దాదాపు అలాగే వేశాను' అంటే కుదరదు.

ముడుల మీద పెద్ద గ్రంథంగా పేరుపడ్డ క్లిఫర్డ్ ఆష్లీ పుస్తకం 1944లో వెలువడింది. అందులో దాదాపు 3,900 నమూనాలున్నాయి. కొత్తవాళ్లకు రెండు చాలు. ఇరవై వీడియోలు చూసి ఇరవై ముళ్లు సగం సగం నేర్చుకోవడం కంటే, రెండింటిని చీకట్లో కూడా వేయగలిగేలా నేర్చుకోవడం మేలు.

మొదటిది పాలొమార్. దారాన్ని జానెడు పొడవున రెండు పేటలుగా మడిచి, ఆ మడతను గాలం కన్నులోంచి దూర్చాలి. దానితో వదులుగా ఒక మామూలు ముడి వేయాలి. మిగిలిన ఉచ్చులోంచి గాలాన్ని మొత్తంగా దాటించి, అప్పుడు లాగి బిగించాలి. కన్నులో రెండు పేటలు పడతాయి కాబట్టి నున్నని బ్రెయిడ్‌కు కూడా ఇది నమ్మకమైన ముడి. కాకపోతే మరీ చిన్న కన్నులో రెండు పేటలు దూరవు. రెండు మూడు కొక్కేలున్న కృత్రిమ ఎరను ఉచ్చులోంచి దాటించడమూ కష్టం.

అలాంటిచోట రెండోది, యూనీ ముడి, ఆదుకుంటుంది. ఫ్లోరిడాకు చెందిన రచయిత విక్ డనవే దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చాడు. కొసను కన్నులోంచి తీసి, ప్రధాన దారం పక్కనే వెనక్కి తెచ్చి, మళ్లీ కన్ను వైపు మడిచి ఉచ్చు చేయాలి. ఆ కొసను ఉచ్చులోంచి పోనిస్తూ రెండు పేటల చుట్టూ అయిదారు చుట్లు తిప్పాలి. కొస లాగి బిగించి, ముడిని కన్ను దాకా జరపాలి. ఇదే ముడిని ఎదురెదురుగా రెండుసార్లు వేస్తే రెండు దారాలను కలపవచ్చు. కన్ను లేకుండా తల చదునుగా ఉండే గాలాలకు మాత్రం కాడ చుట్టూ చుట్టే వేరే పద్ధతి కావాలి. అది తర్వాతి పాఠం.

బిగించేముందు ముడిని నీటితోనో ఉమ్మితోనో తడపాలి. పొడి నైలాన్ ఒరుసుకుంటే వేడెక్కి అక్కడే బలహీనపడుతుంది. నెమ్మదిగా లాగి, చుట్లు ఒకదాని పక్కన ఒకటి సర్దుకున్నాయో లేదో చూసుకోవాలి. ఒకదాని మీదికి ఒకటి ఎక్కితే మొహమాటం లేకుండా కోసేసి మళ్లీ వేయాలి.

సాధనకు పదునైన గాలం అక్కర్లేదు. మొదట తాళాల రింగుకు లావు తాడు కట్టి చెయ్యి తిప్పడం అలవాటు చేసుకుని, తర్వాత అసలు దారానికి మారాలి. పరీక్షకు బకెట్ చాలు. అయిదు కిలోల బరువు మోసే దారమైతే రింగును మేకుకు తగిలించి, దారం రెండో కొసను పిడికి చాలా చుట్లు చుట్టి కట్టి, బకెట్‌ను నేలకు కాస్త ఎత్తులో వేలాడదీసి లీటరు లీటరు చొప్పున నీళ్లు పోయాలి. లీటరు నీళ్లు కిలో కాబట్టి, బకెట్ బరువు కూడా కలుపుకుంటే లెక్క తేలిపోతుంది. నాలుగు కిలోల దాకా కదలని ముడిని నమ్మవచ్చు. రెండు కిలోలకే వదిలేస్తే కొస చూసి ఎక్కడ లోపముందో వెతకాలి. శస్త్రచికిత్స నేర్చుకునే వైద్య విద్యార్థులు కుర్చీ చేతులకూ బల్ల కాళ్లకూ దారాలు కట్టి సాధన చేస్తారు. ఆ శ్రద్ధ ఇక్కడా ఉండాలి.

నేర్పేవాళ్లు దగ్గర్లోనే ఉన్నారు. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లోనో కాకినాడలోనో చిరిగిన వలను ఒడిలో వేసుకుని బాగుచేసే మత్స్యకారుల వేళ్లను పది నిమిషాలు గమనిస్తే చాలా తెలుస్తుంది. తెప్పల దుంగలను మేకుల్లేకుండా తాళ్లతోనే కట్టి సముద్రంలోకి వెళ్లిన కుటుంబాల వారసులు వాళ్లు. వేల రూపాయల సామగ్రితో వచ్చే పట్నం కుర్రాళ్లు వాళ్లను మర్యాదగా అడిగి, వాళ్ల సమయానికి తగిన ప్రతిఫలమిచ్చి నేర్చుకోవాలి. గాలం క్లబ్బులు వాళ్లను గురువులుగా పిలిస్తే ఇంకా బాగుంటుంది.

ఇంత పట్టుదల ఎందుకంటే, జారిన ముడి వల్ల నష్టపోయేది వేటగాడొక్కడే కాదు. నోట్లో గుచ్చుకున్న గాలంతో ఈదాల్సింది ఆ చేప. రీలు వైపున వేసిన ముడి జారితే ఎన్నో మీటర్ల నైలాన్ నీళ్లలో ఉండిపోతుంది. అది కాళ్లకు చుట్టుకుని కొంగలూ నీటికాకులూ చస్తాయి. గుడ్లు పెట్టడానికి ఆంధ్ర తీరానికొచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లకూ అది ప్రమాదమే. నైలాన్ ఏళ్ల తరబడి కుళ్లదు. ముడి వేశాక కోసిన చిన్న ముక్కలు కూడా జేబులోకే వెళ్లాలి.

సామగ్రి అమ్మే దుకాణాలు చేయగలిగిన పని ఒకటుంది. బల్ల మీద ఒక రింగూ, మూరెడు దారమూ, ఒక వేలాడే తూకమూ పెట్టాలి. మొదటిసారి గాలం కొనేవాళ్లతో అక్కడే ముడి వేయించి, లాగించి, నిలిచిందో లేదో చూపించి పంపాలి.