వాతావరణ లెక్కకు నగర బడ్జెట్‌లో చోటివ్వాలని కోరుతూ తీర్మానం

విశాఖపట్నం కాలనీల నివాసుల సంఘాల ప్రతినిధుల ఉమ్మడి సమావేశం చర్చించి ఆమోదించిన తీర్మానం:

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ నగరాన్ని అతలాకుతలం చేసింది. ఆ తర్వాత మహా విశాఖ నగరపాలక సంస్థ వీధిదీపాలను ఎల్‌ఈడీలుగా మార్చింది. 2018లో ముడసర్లోవ జలాశయం మీద 2 మెగావాట్ల తేలియాడే సౌర విద్యుత్ కేంద్రాన్ని నెలకొల్పింది. ఈ పనులను సమావేశం మనస్ఫూర్తిగా అభినందిస్తున్నది. అయితే గ్రీన్‌హౌస్ వాయువుల ఉద్గారాలు ఏటా ఎంత తగ్గాలో, ఆ బాధ్యత ఎవరిదో ముందుగా రాసిపెట్టుకోకపోతే ఇలాంటి పనులు ఎన్ని చేసినా విడివిడిగానే మిగిలిపోతాయి. 2070 నాటికి నికర సున్నా ఉద్గారాలు సాధిస్తామని 2021 గ్లాస్గో సదస్సులో దేశం ఇచ్చిన మాట నిలబడాలంటే నగరాలు కదలాలి.

అసలు చిక్కు అధికారాలు చెదిరి ఉండటంలో ఉంది. ఇళ్ల ప్లాన్ల మంజూరు, చెత్త, తాగునీటి పంపింగ్ నగరపాలక సంస్థ చేతిలో ఉన్నాయి. కరెంటు పంపిణీ ఈపీడీసీఎల్‌ది, సిటీ బస్సులు ఆర్టీసీవి, మాస్టర్ ప్లాన్ విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ (వీఎంఆర్‌డీఏ)ది. మొక్కలు, పార్కులు చూసుకునే ఒక విభాగం లేఖలు రాసి వీటన్నిటినీ ఒక దారికి తేగలదని మేము నమ్మడం లేదు. ఓస్లో నగరం ఈ పనిని ఆర్థిక శాఖకే అప్పగించింది. 2017 నుంచి అక్కడ డబ్బు బడ్జెట్‌తో పాటే వాతావరణ బడ్జెట్ వస్తున్నది: ఏ చర్య ఎవరిదో, దానివల్ల ఉద్గారం ఎంత తగ్గుతుందో అందులో ఉంటుంది. ముంబయి నగరపాలక సంస్థ 2024లో ఇదే బాట పట్టింది.

కావున తీర్మానించడమైనది ఏమనగా:

మేయరు అధ్యక్షతన, కమిషనరు కన్వీనరుగా, పై సంస్థల అధికారులు సభ్యులుగా ఒక శాశ్వత సంఘం ఏర్పాటు చేయాలి. లెక్కలు కట్టే బాధ్యత అకౌంట్స్ విభాగానికి ఇవ్వాలి. ఏటా బడ్జెట్ సమావేశంలోనే ఉద్గారాల పద్దును కౌన్సిల్ ముందు పెట్టాలి. లక్ష్యం తప్పిన విభాగం కారణం చెప్పాలి. ఆ పద్దు తెలుగులో ఉండాలి, వార్డు సచివాలయాల్లో అందరికీ కనబడాలి.

కాపులుప్పాడ డంపింగ్ యార్డుకు తరలుతున్న తడిచెత్త అక్కడ కుళ్లి మీథేన్ వదలకముందే వార్డుల్లో ఎరువు కావాలి. ఈ మార్పులో చెత్త ఏరుకుని బతికేవారి జీవనోపాధి పోకూడదు. వారి ప్రతినిధులకు పై శాశ్వత సంఘంలో స్థానం ఉండాలి. దీనిపై సమావేశానికి రాజీ లేదు.

ఈ తీర్మానం ప్రతులను మేయరుకు, కమిషనరుకు, పై సంస్థల అధిపతులకు పంపాలని నిర్ణయించడమైనది. ఏకగ్రీవంగా ఆమోదించడమైనది.