కత్తెర పక్కన కలర్ చార్టు

తెల్లవెంట్రుకలకు నలుపు వేయడం వేరు, జుట్టుకు రంగు కట్టడం వేరు. ముస్తాబాద్‌లోనైనా కోరుట్లలోనైనా కటింగు షాపులో రోజూ జరిగేది మొదటి పనే. "అన్నా, సాయంత్రం లగ్గం ఉన్నది, జెర నలుపెయ్యి" అంటూ వచ్చి కూర్చుంటారు. ప్యాకెట్ చింపి, గిన్నెలో పొడి కలిపి, బ్రష్షుతో పట్టించి అరగంట ఆగమంటారు. అదే కుర్చీలో ఇంటర్ చదివే పిల్లగాడు కూర్చుని, ఫోన్‌లో బూడిదరంగు జుట్టున్న కొరియా పాటగాడి ఫొటో చూపించాడంటే పని చిక్కులో పడ్డట్టే. చాలాసార్లు వాడు కొబ్బరిపీచు రంగు తలతో ఇంటికి పోతాడు. ఇరవై ఏళ్లుగా కత్తెర పట్టిన మాస్టరు దగ్గర కూడా ఇట్లా జరుగుతుంది. కటింగు కళ్లతో చూసి నేర్చుకోవచ్చు. రంగు పని వెంట్రుక లోపల జరుగుతుంది, పక్కన నిలబడి ఎంతసేపు చూసినా అంతుపట్టదు.

కలరిస్టులు జుట్టు చాయను 1 నుంచి 10 దాకా లెవెళ్లుగా లెక్కిస్తారు. 1 అంటే కటిక నలుపు, 10 అంటే బాగా లేత పసుపు. మన జుట్టు సాధారణంగా 1 నుంచి 3 మధ్య ఉంటుంది. లేత బూడిదరంగు నిలవాలంటే దాన్ని 9కో 10కో లేపాలి. బ్లీచ్ పొడిని హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిపి పట్టిస్తే ముందు నల్లటి వర్ణకం విరుగుతుంది, ఎరుపు పసుపుల వర్ణకం మొండిగా మిగులుతుంది. అందుకే నల్లజుట్టు మొదట ఎర్రబడి, తర్వాత నారింజకు తిరిగి, ఆపైన పసుపవుతుంది. నారింజ దగ్గరే ఆపేసిన తల మీద ఎంత ఖరీదైన యాష్ (బూడిద) రంగు వేసినా మురికిగానే తేలుతుంది. నారింజను అణచాలంటే నీలం, పసుపును అణచాలంటే ఊదా కలిసిన టోనర్ కావాలి. పెరాక్సైడ్ సీసా మీది 20, 30, 40 వాల్యూమ్ అంకెలు వరుసగా 6, 9, 12 శాతానికి గుర్తులు. త్వరగా తేలాలని 40 పట్టిస్తే జుట్టు తెగుతుంది, మాడు మండుతుంది.

అసలు పని బ్రష్షు తీయకముందే, ప్రశ్నలతో మొదలవుతుంది. ఇదివరకు ఏం పెట్టారు? ఉత్త గోరింటాకా, రసాయనం కలిపిన నల్ల మెహందీయా? లోహ లవణాలున్న రంగు ముందే ఎక్కి ఉంటే, దానిమీద పెరాక్సైడ్ పడగానే జుట్టు వేడెక్కి పాడవుతుంది. నల్లరంగుల్లో ఎక్కువగా వాడే పారా ఫినిలిన్ డయమిన్, అంటే పీపీడీ, కొందరికి పడదు. కళ్లు వాచిపోతాయి, చర్మం పొక్కుతుంది. 48 గంటల ముందు చెవి వెనక కొంచెం రాసి చూడమని డబ్బా మీదే అచ్చేసి ఉంటుంది. సాయంత్రం లగ్గమున్న మనిషికి ఆ ఓపిక ఎక్కడిది?

ఈ రసాయనాలు ముస్తాబాద్ ఉన్న రాజన్న సిరిసిల్ల జిల్లాకు కొత్తేమీ కాదు, బట్టల అద్దకంతో వీటికి పాత చుట్టరికం. 1856లో ఇంగ్లండులో విలియం హెన్రీ పెర్కిన్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడు మలేరియా మందు క్వినైన్ తయారు చేయబోయి తారునుంచి ఊదారంగు తీశాడు. కృత్రిమ అద్దకాల పరిశ్రమ అక్కడ మొదలైంది. అదే కుదురు నుంచి వచ్చిన పీపీడీని జుట్టు రంగుకు వాడుతూ 1883లో ఫ్రాన్స్‌లో పేటెంటు తీసుకున్నారు. 1907లో యూజీన్ షూలర్ అనే ఫ్రెంచి రసాయనవేత్త తన జుట్టు రంగును తయారు చేసి, 1909లో పెట్టిన కంపెనీయే నేటి లోరియాల్. నూలును తెల్లబరచడానికి పెరాక్సైడ్ వాడటం వస్త్ర పరిశ్రమలో మామూలే. కింది రంగు పూర్తిగా పోకుండా పైన లేతరంగు ఎక్కదని అద్దకం పనివాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మరమగ్గాల సిరిసిల్లలో ఆ తెలివి ఉన్న వీధికీ, కటింగు షాపున్న వీధికీ మధ్య దూరం పెద్దగా లేదు. ఆ రెండు వీధులూ మాట్లాడుకోవాలంటే మధ్యలో ఒక బడి కావాలి.

ఈ రంగంలో పైకొచ్చిన వాళ్ల కథలు చూస్తే బడి ఎంత పని చేసిందో తెలుస్తుంది. హెయిర్‌స్టయిలిస్టు జావేద్ హబీబ్ తాత నజీర్ అహ్మద్ వైస్రాయిలకూ నెహ్రూకూ క్షవరం చేసినవాడు. కానీ ఆ ఇంటిపేరు ఊరూరా బోర్డెక్కింది మాత్రం మూడో తరం లండన్‌లో చదువుకొచ్చి, సలూన్లతో పాటు అకాడమీలు పెట్టాకే. ఇంగ్లండులో పుట్టి పెరిగిన అధునా భబానీ ముంబయి వచ్చి 2001 నాటి 'దిల్ చాహ్తా హై' సినిమా నటుల తలకట్లతో పేరు తెచ్చుకుంది. ఆమె నడిపిన బీబ్లంట్ కూడా సలూనుతో ఆగక శిక్షణలోకి దిగింది. లండన్‌లో విడాల్ సాసూన్ కత్తెరకు ఎంత పేరుందో, ఆయన దగ్గర రంగుల విభాగాన్ని నడిపిన ఆనీ హంఫ్రీస్‌కు ఆ వృత్తిలో అంత గౌరవముంది. కటింగు గీతను రంగుతో ఎత్తిచూపడం ఎట్లాగో ఆమె తరాలకు తరాలు నేర్పింది. కుర్చీ ముందు నిలబడి సంపాదించే మనిషికి రోజుకు ఇన్ని తలలని ఒక హద్దుంటుంది. పాఠం చెప్పగలిగితే ఆ హద్దు దాటవచ్చు.

మహేశ్‌బాబుకూ రామ్‌చరణ్‌కూ తలకట్టు దిద్దిన ఆలిమ్ హకీమ్ ముంబయివాడు. తండ్రి హకీమ్ కైరాన్వీ నుంచి వచ్చిన వృత్తి అది. మన హీరోల ఫొటోలు గోడ నిండా అంటించుకున్న మన షాపుల నుంచి అట్లాంటి వాళ్లు రావడానికి అడ్డమేమిటని అడిగితే, చేతి నేర్పు తక్కువని ఎవరూ అనలేరు. ఒకప్పుడు ఊళ్లో క్షవరం చేసి, కోతల నాడు కళ్లంలో మేర గింజలు తీసుకుని, పెళ్లిలో సన్నాయి ఊది, గాయాలకు మందుకట్టిన నాయీ బ్రాహ్మణ కులం అది. కొడుకు తండ్రి పక్కన నిలబడి నీళ్లందిస్తూ, పొదిలో కత్తులు సర్దుతూ నేర్చుకునేవాడు. ఆ పద్ధతి రంగు దగ్గర ఆగిపోయింది, ఎందుకంటే తండ్రికే తెలియదు.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం అన్యాయం. తెలంగాణలో 2021 ఏప్రిల్ నుంచి నాయీ బ్రాహ్మణుల క్షౌరశాలలకు నెలకు 250 యూనిట్ల దాకా కరెంటు ఉచితం చేశారు. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో క్షౌరవృత్తి ఒకటి. పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత 2 లక్షల అప్పు, శిక్షణ రోజులకు 500 చొప్పున భత్యం. ప్రాథమిక శిక్షణ మాత్రం ఐదు నుంచి ఏడు రోజులు! ఆ వారంలో లెవెళ్ల లెక్క చెప్పడమే కష్టం. ఐటీఐల్లో కాస్మెటాలజీ అనే ఏడాది కోర్సు ఉన్నా, చర్మం, గోళ్లు, మేకప్ అన్నీ అందులోనే సర్దాలి.

మిగిలిన చోట్ల పాఠం చెప్పేది రంగుల కంపెనీలే. వాళ్ల టెక్నీషియన్లు బాగానే చెబుతారు, కాదనలేం. అయితే తమ ట్యూబు నంబర్లే చెబుతారు. ఆ ట్యూబు దొరకని మండలంలో పాఠం సగమే పనికొస్తుంది.

నాయీ బ్రాహ్మణ సంఘాల నాయకులు కార్పొరేట్ సలూన్లను అడ్డుకోవాలంటున్నారు. 2000లో చెన్నైలో మొదలైన నేచురల్స్ వంటివి చాలా ఊళ్లకు పాకాయి కాబట్టి ఆ భయం ఊరికే పుట్టింది కాదు. కానీ నిషేధం అడిగి గెలవడం కష్టం. కార్పొరేట్ షాపు జనాన్ని ఏసీతో పిలిచినా, బిల్లు పెంచేది రంగుతోనే. ఆ పని చేతికొస్తే కులవృత్తివాడు పోటీకి నిలుస్తాడు, లేదంటే అదే షాపులో జీతానికి కుదురుతాడు. గల్ఫ్ సలూనుకు పోయే జగిత్యాల కుర్రాడి విషయమూ ఇంతే.

ముస్తాబాద్‌లో హైలైట్లు చేయించుకునేదెవరని అడిగేవాళ్లుంటారు. నిజమే, గిరాకీ కరీంనగర్‌లోనో హైదరాబాద్‌లోనో ఎక్కువ. అక్కడికి పోయే చెయ్యి ఇక్కడ తయారైతే చాలు. బీడీలు చుట్టడం మానేసి బ్యూటీపార్లరు పెట్టుకోవాలనుకునే సిరిసిల్ల, కోరుట్ల ఆడవాళ్లకూ అది దారి చూపుతుంది. క్లీనరుగా బస్సెక్కి నేర్చుకునే డ్రైవింగుకు సిరిసిల్ల జిల్లాలో మండేపల్లి దగ్గర శిక్షణ కేంద్రం కట్టారు కదా. అట్లాగే జుట్టు రంగుకు ఆరు నెలల కోర్సు, ఏ కంపెనీకీ చెందని తెలుగు పుస్తకం, ఇప్పటికే కత్తెర పట్టినవాళ్లకు ముందు సీట్లు, రెండో ఏడాది నుంచి వాళ్లలోంచే టీచర్లు. అడిగేది ఇంతే.

సాధనకు జుట్టు ఎక్కడిదంటారా? బొమ్మతలలకు తగిలించే జుట్టు కొనాలంటే ఖర్చెక్కువ. వేములవాడ రాజన్న గుడిలో భక్తులు ఇచ్చే తలనీలాలను దేవస్థానం వేలం వేస్తుంది. పల్లెల నుంచి వచ్చే ఆడవాళ్ల పొడుగు జుట్టులో రంగు తగలనిది చాలా ఉంటుంది, రంగు వేసి చూసే పరీక్ష కుచ్చులకు కావలసింది సరిగ్గా అదే. వేలం ధరకే ఏడాదికి కొన్ని కిలోలు కొంటే ఒక బ్యాచ్‌కు సరిపోతాయి.